అలంకరణకు మాత్రమే

మా అమ్మ కొత్త జాడీ కొన్నదంటే దాన్ని ముందు బియ్యం కడిగిన నీళ్లలో ఒక పూట నానబెడుతుంది. తర్వాత చింతపండు పిప్పి, రాళ్ల ఉప్పు వేసి లోపల, బయట, అడుగున పరపరా తోముతుంది. రెండు రోజులు ఎండకు బోర్లిస్తుంది. ఆ తర్వాత నిప్పుల మీద ఇంగువ వేసి ఆ పొగ లోపలికి పట్టేలా జాడీని బోర్లించి, అప్పుడు గానీ అందులో తొక్కు పెట్టదు. పచ్చడిని మేం తొక్కు అంటాం. మేడ్చల్‌లో మా వాడకట్టులో ఏ ఇంట్లో చూసినా దాదాపు ఇదే పద్ధతి. దుకాణంలో అంటించిన కాగితం ఏదీ ఆ తోముడుకు నిలవదు. నిలిచిందంటే ఆ ఇల్లాలు జాడీ సరిగ్గా తోమలేదని లెక్క.

ఈ సంగతి నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా, మూడు వేళ్ల వెడల్పున్న స్టిక్కరు మీద ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసి జాడీ అడుగున అంటిస్తే చాలు, జనం భద్రంగా ఉంటారు అన్న మాటకు తల ఊపాను. తల ఊపడమే కాదు, ఆ రెండు వాక్యాలూ నేనే రాసిచ్చాను. అందుకే ముందు నా మీద నాకున్న కోపంతో మొదలుపెడుతున్నాను. మిగతా వాళ్ల మీద ఉన్నది వరసగా వస్తుంది.

శామీర్‌పేట దాటాక మందుల కంపెనీల మధ్య ఒక చిన్న టెస్టింగ్ ల్యాబు ఉంది. అందులో పన్నెండేళ్లు పని చేశాను. పింగాణీ కప్పులు, ప్లేట్లు, బొమ్మలు అచ్చేసిన గాజు గ్లాసులు, పుట్టినరోజుకు ఫొటో వేయించి ఇచ్చే మగ్గులు, ఇలాంటివన్నీ మా దగ్గరికి పరీక్షకు వచ్చేవి. పింగాణీ మీద మెరిసే పూతలోనూ, ముఖ్యంగా ఎరుపు, పసుపు, నారింజ రంగుల్లోనూ సీసం, కాడ్మియం ఉండే అవకాశం ఎక్కువ. పులుపు తగిలితే అవి కొద్దికొద్దిగా తిండిలోకి దిగుతాయి. ఎంతవరకు దిగితే అమ్మనివ్వొచ్చు, ఎంత దాటితే అమ్మకూడదు అని నిబంధనలున్నాయి. మా పని సులువే. కప్పులో సిర్కా, అంటే వెనిగర్, కలిపిన నీళ్లు అంచు దాకా పోస్తాం. మూత పెట్టి చీకటి అల్మారాలో ఇరవై నాలుగు గంటలు ఉంచుతాం. తర్వాత ఆ నీళ్లలో ఏమేం దిగిందో మిషన్ మీద చూస్తాం.

నాగారంలో మా ఇంటి నుంచి ల్యాబుకు స్కూటీ మీద వెళ్లేదాన్ని. గాలి జవహర్‌నగర్ చెత్త డంపు వైపు నుంచి వీచిన రోజు చున్నీ ముక్కుకు అడ్డం కట్టుకున్నా లాభం ఉండదు. ఆ చెత్త కంపు మీద ఎన్ని ధర్నాలు జరిగాయో, మా కాలనీ వాట్సాప్ గ్రూపులో రోజూ ఎన్ని తిట్లు పడతాయో నాకు తెలుసు. పడాల్సిందే. కానీ నేను చూసే సరుకుకు కంపు లేదు, రుచి లేదు, రంగు మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. దాని కోసం ఎవరూ రోడ్డు మీద కూర్చోరు. అది దిగిందో లేదో చెప్పగలిగేది మా మిషనూ, దాని ముందు కూర్చున్న నాలాంటి వాళ్లూ మాత్రమే. ఆ కుర్చీలో కూర్చుని నేను చేసిన ఘనకార్యం ఇక చెప్తాను.

కిందటేడు చలికాలం చివర్లో ఒక కంపెనీ నుంచి మూడు జాడీలు వచ్చాయి. ముదురు ఎరుపు, దాని మీద పసుపు పూలు, లోపల కూడా పసుపు పూతే. మూత ఉంది. మూతి దగ్గర గుడ్డ కట్టుకోవడానికి వీలుగా చిన్న గాడి ఉంది. వాళ్లు పంపిన కాగితంలో పచ్చళ్ల జాడీ అనే రాశారు. పరీక్ష పెట్టాను. సీసం ఎంత దిగిందో చూసి నేనే ఏదో పొరపాటు చేశాననుకున్నాను. రెండో జాడీతో మళ్లీ చేశాను, మూడో దానితో మళ్లీ చేశాను. మూడూ ఒకటే మాట చెప్పాయి. కాడ్మియం కూడా ఉండాల్సిన గీత దాటింది. కాగితం తీసుకెళ్లి మా సారు బల్ల మీద పెట్టాను.

వారం తిరక్కుండా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. పాత దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నామని, ఈ జాడీలు తిండి కోసం కాదని, ఇవి ఇంట్లో అలంకరణకు పెట్టుకునే వస్తువులని అందులో ఉంది. తిండికి వాడని వస్తువైతే తిండి గిన్నెల నిబంధన దానికి వర్తించదు. మూత ఉండి, మూతికి గుడ్డ కట్టుకునే గాడి ఉన్న అలంకరణ వస్తువును నేను అంతవరకు చూడలేదు. ఆ మాటే సారుతో అన్నాను.

"చూడమ్మా, తిండికి కాదు అని వాళ్లే చెప్తుంటే కాదనడానికి మనమెవరం? కింద ఒక లేబుల్ పెడతారట. ఏం రాయాలో మనల్నే అడుగుతున్నారు. నీ ఇంగ్లీషు బాగుంటుంది కదా, నువ్వే రాసివ్వు" అన్నారాయన.

నా ఇంగ్లీషు బాగుంటుంది. చర్చి వాళ్ల బడిలో చదివాను, టీచర్లు నన్ను మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పు ఇంకా ఒంట్లో ఎక్కడో ఉన్నట్టుంది. అలంకరణకు మాత్రమే, ఆహార పదార్థాలు నిల్వ చేయరాదు అనే అర్థం వచ్చేలా రెండు వాక్యాలు రాశాను. ఒక మాట కొట్టేసి ఇంకా మంచి మాట పెట్టాను కూడా. తెలుగులో కూడా వేయిద్దామా సార్ అని అడిగితే, "ఏ భాషలో వేయాలో రూల్‌లో ఉందా?" అన్నారు. ఉందో లేదో నేను వెతకలేదు. ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి ఆకలిగా తిన్నాను. అది గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ ఎండాకాలం అమ్మ పాత జాడీ మూతి పగిలింది. గోధుమరంగు, తెలుపు కలిసిన లావుపాటి జాడీ అది, మా అమ్మమ్మ నాటిది. నేను నాగారంలో, నా చెల్లె పేట్ బషీరాబాద్‌లో ఎవరి కాపురాల్లో వాళ్లం ఉన్నాం. నాయిన పోయాక అమ్మ మేడ్చల్‌లో ఒక్కతే ఉంటోంది. మామిడికాయల కాలంలో ఆమెకు జాడీ లేకపోతే కాలు చేయి ఆడదు. రెండు కొత్త జాడీలు కొన్నానని ఫోన్‌లో చెప్పింది. మంచిదే అన్నాను. ఏ రంగువని అడగాలని నాకు తట్టలేదు.

చెల్లెకు పెళ్లయిన ఆరేళ్లకు కడుపు నిలిచింది. అంతకుముందు రెండుసార్లు పోయింది. అందుకే ఈసారి ఇంట్లో అందరం అడుగు తీసి అడుగు వేయడానికి భయపడ్డాం. మూడో నెలలో దానికి నీళ్లు తాగినా కక్కే పరిస్థితి వస్తే అమ్మ తన దగ్గరికి తెచ్చుకుని మూడు వారాలు ఉంచుకుంది. దానికి వేడి అన్నంలో మామిడికాయ తొక్కు కలిపిన ముద్ద ఒక్కటే దిగేది. అమ్మ అదే పెట్టింది. ఐదో నెలలో పుట్టింటి వాళ్లు పూలు, గాజులు, పండ్లు, పుల్లటివి పట్టుకుని పోవడం మాలో ఉంది. చర్చికి పోవడం మొదలై మూడు తరాలైనా ఆ అలవాటు మానలేదు, పూలు పెట్టే ముందు పాస్టరు గారితో ప్రార్థన చేయిస్తాం, అంతే తేడా. ఆ రోజు నాకు ల్యాబులో సెలవు దొరకక పోలేకపోయాను. అమ్మ ఏమేం తీసుకెళ్లిందో చూడలేదు.

వానాకాలం చివర్లో ఒక ఆదివారం చర్చి అయ్యాక అమ్మ ఇంటికి భోజనానికి వెళ్లాను. చిన్న గిన్నెలో తొక్కు తెచ్చి నా ముందు పెట్టింది. రెండుసార్లు వేసుకుని తిన్నాను. బాగుందని చెప్పాను. చేయి కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్తే, అటక కింద అరలో మూతికి తెల్లగుడ్డ కట్టిన ఎర్ర జాడీ కనిపించింది. పసుపు పూలు. నేను ఆ చేయి కడుక్కోకుండా అలాగే నిలబడ్డాను.

"ఇదెక్కడిదే అమ్మా?"

"హైవే మీద పెట్టి అమ్మిండ్రు గదా ఎండకాలంల. నున్నగ మస్తుగున్నదని రెండు తీస్కున్న. ఎందుకట్ల జూస్తున్నవ్?"

"దీని అడుగున ఒక కాగితం ఉండాలె. అదేది?"

"కాగితమేంది? తోమిన గదా. ఇంగువ పొగ గూడ పట్టిచ్చిన."

"రెండోది ఏది మరి?"

"సెల్లెకు పంపిన గదనే, పూలకు పోయినప్పుడు. ఆళ్ల అత్త ముంగట ప్లాస్టిక్ డబ్బల తీస్కపోతే ఇజ్జత్ పోదా? నిండ వెట్టి తీస్కపోయిన."

ఎప్పుడూ ప్లాస్టిక్ డబ్బాలోనే పంపేది. ఆ ఒక్కసారి, వియ్యపురాలి ముందు చిన్నబోకూడదని, ఇంట్లో ఉన్న వాటిలో అన్నిటికన్నా అందమైనదాన్ని ఎంచుకుంది. కంపెనీ వాళ్లు కోరుకున్నది కూడా అదే కదా, అందంగా ఉండటం. నేను జాడీ ఎత్తుకుని పెరట్లోకి వెళ్లి తొక్కంతా గుంటలో బోర్లించాను. అమ్మ వెనకే వచ్చి నా జబ్బ పట్టుకుంది.

"పిచ్చిలేసిందా ఏందే నీకు? తినే వస్తువ మట్టిల వోస్తవా?"

"ఇందుల విషం ఉన్నదమ్మా."

"నేను ఉప్పేసిన, కారమేసిన, నూనె వోసిన. విషం యాడికెళ్లొస్తది?"

"జాడీలకెళ్లి."

అమ్మ జాడీ వైపు చూసింది, నా వైపు చూసింది. ఆమె నమ్మలేదని నాకు తెలుస్తూనే ఉంది. చెప్పే ఓపిక లేదు. స్కూటీ తీశాను.

పేట్ బషీరాబాద్ చేరేసరికి వాళ్లు ఇంకా భోజనాల దగ్గరే ఉన్నారు. చెల్లె మంచం మీద కాళ్లు చాపుకుని కంచం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అన్నం ఎర్రగా కలిపి ఉంది. నన్ను చూసి నవ్వింది. "అక్కా, అమ్మ ఈసారి తొక్కు మస్తు పెట్టింది. రెండు పూటల గిదొక్కటే దిగుతాంది" అంది. నేను కంచం లాక్కున్నాను. తినేవాళ్ల ముందు నుంచి కంచం లాగడమంటే ఏమిటో నాకు తెలియక కాదు. అది కడుపుతో ఉన్న పిల్ల. వాళ్ల అత్తగారు గడపలో నిలబడి చూస్తోంది.

జాడీ వాళ్ల వంటింట్లో గట్టు మీద అందరికీ కనిపించేలా పెట్టారు. నేను దాని మీద చేయి వేస్తే ఆమె మూత మీద చేయి వేసింది.

"పుట్టింటికెళ్లొచ్చిన సొమ్మును కడుపుతోని ఉన్న పిల్ల కండ్ల ముంగటకెళ్లి ఎత్తుకపోతరా ఎవరన్న? మీ అమ్మ పంపిందా నిన్ను?"

"మా అమ్మకు తెల్వదు అత్తమ్మా. దీని పూతల సీసం ఉన్నది. పులుపుకు అది తొక్కులకు దిగుతది."

"సీసమంటే?"

"బ్యాటరీలల్ల ఉంటది సూడుండ్రి, గది."

ఆమె మూత మీది చేయి తీసింది. చీర కొంగుతో ఆ చేయి తుడుచుకుంది. వెనక నుంచి చెల్లె గొంతు వినిపించింది. "మరి నేను తిన్నది?" అంది.

మర్నాడు చెల్లెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. రక్తంలో సీసం పరీక్ష కావాలంటే అక్కడి కౌంటర్‌లో ఉన్న అమ్మాయి లిస్టు రెండుసార్లు పైనుంచి కిందికి చూసి, "మా దగ్గర లేదు మేడం, బయటికి పంపాలి" అంది. ఎవరూ అడగరు కాబట్టి ఎవరి దగ్గరా ఉండదు. నాలుగు రోజులకు కాగితం వచ్చింది. ఉండకూడనంత ఉంది. డాక్టరమ్మ మంచిది, మెల్లగా చెప్పింది. తినడం ఆపేశారు కాబట్టి ఇక తగ్గుతూ వస్తుందని, కాల్షియం, ఐరన్ మాత్రలు మానొద్దని, మళ్లీ మళ్లీ పరీక్ష చేయిద్దామని చెప్పింది. బిడ్డకు ఏమవుతుంది అని చెల్లె అడిగింది. ఏమీ కాకపోవచ్చు అంది. లేదా పెద్దయ్యాక చదువులోనో, కుదురుగా కూర్చోవడంలోనో కొంచెం తేడా కనిపించవచ్చు, అది దీనివల్లే అని కూడా ఎవరూ ఖాయంగా చెప్పలేరు అంది. బయట వరండాలో కుర్చీలో కూర్చున్నాక చెల్లె నన్ను అడిగింది.

"అక్కా, గీ జాడీల సంగతి నీకు ముందుగాల్నే ఎర్కనా?"

అబద్ధం చెప్పొచ్చు. ల్యాబులో పని చేస్తాను కాబట్టి చూడగానే అనుమానం వచ్చిందని చెప్తే అది నమ్మేది. చెప్పబుద్ధి కాలేదు. ఎర్కే అన్నాను. మూడు జాడీలు పరీక్ష చేసింది, కింద ఏం రాయాలో రాసిచ్చింది నేనేనని కూడా చెప్పాను. చెల్లె లేచి, కడుపు కింద చేయి పెట్టుకుని, మెల్లగా మెట్లు దిగి ఆటో ఎక్కింది. స్కూటీ మీద వెనకాల వెళ్లాను. ఇంటి ముందు దిగాక కూడా అది నా వైపు తిరగలేదు.

మర్నాడు అమ్మ జాడీని కడిగి ల్యాబుకు తీసుకెళ్లాను. సిర్కా నీళ్లు పోసి ఇరవై నాలుగు గంటలు ఉంచాను. అన్ని నెలలు తొక్కు ఊరిన తర్వాత కూడా అది గీత దాటింది. నిబంధన ఒక్క రోజు సిర్కాను చూస్తుంది. మా ఇళ్లల్లో పచ్చి మామిడి పులుపు, ఉప్పు కలిసి ఏడాది పొడుగునా ఆ పూతను నానబెడతాయి. నిబంధన రాసిన వాళ్లకు ఇది తెలియకపోవచ్చు, అన్ని ఇళ్ల వంటా వాళ్లకు తెలియాలని నేను అనను. కానీ ఒక్క రోజుకే ఫెయిలైన జాడీని ఉత్తరం ముక్కతో పూలకుండీని చేసి వదిలిన వాళ్లకు ఏం తెలియదు? అందులో నేనూ ఉన్నాను. జాడీ తీసుకెళ్లి సారు బల్ల మీద పెట్టి ఇది మా అమ్మ జాడీ అని చెప్పాను. చెల్లె రక్తం కాగితం పక్కన పెట్టాను.

ఆయన కాగితం చదివి కళ్లజోడు తీశారు. బాధపడ్డారు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కానీ బాధ అయ్యాక, "మన రిపోర్టులో తప్పేముందమ్మా? అసలు మనం రిపోర్టే ఇవ్వలేదు కదా" అన్నారు.

"లేబుల్ చాలన్నం గద సార్" అన్నాను.

"లేబుల్ ఉంది కదా."

జాడీని బోర్లించి అడుగు చూపించాను. ఏమీ లేదక్కడ, తెల్లగా మెరుస్తోంది.

"వాళ్లు అంటించారమ్మా. మీ అమ్మగారు తీసేశారు. దానికెవరేం చేస్తారు?"

అంటే చివరికి తప్పు చేసింది మా అమ్మ. చదువు రాని మనిషి, కొత్త జాడీని శుభ్రంగా తోమింది, అదీ నేరం. పూతలో సీసం కలిపిన వాళ్లది తప్పు కాదు, తిండి జాడీని అలంకరణ వస్తువన్న వాళ్లది కాదు, ఆ మాటను అందమైన ఇంగ్లీషులో రాసిచ్చిన నాది కూడా కాదు. పన్నెండేళ్లలో ఆయనతో గొంతు పెంచి మాట్లాడలేదు. ఆ రోజు బయట కారిడార్‌లో ఉన్నవాళ్లు లోపలికి తొంగి చూసేంత అరిచాను. ఏం అరిచానో సగం గుర్తులేదు. ఇంటికెళ్లి మూడు జాడీల మొదటి పరీక్ష కాగితాలు, అమ్మ జాడీ కాగితం, చెల్లె కాగితం అన్నీ కలిపి ఫిర్యాదు రాసి సంబంధిత ఆఫీసుకు పంపాను. పరీక్షకు పంపిన కంపెనీ వివరాలు బయటపెట్టినందుకు ల్యాబు నన్ను పొమ్మంది. పోయాను. అందుకు నాకు ఏడుపు రాలేదు.

ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. జాడీ కొన్న బిల్లు ఉందా అన్నాడు. రోడ్డు పక్కన కొంటే బిల్లు ఎవరిస్తారు అన్నాను. మరి ఇది ఫలానా కంపెనీదే అని వస్తువు మీద ఎక్కడుంది అన్నాడు. స్టిక్కరు మీద ఉండేది అన్నాను. స్టిక్కరు ఏదమ్మా అన్నాడు. విచారణ నడుస్తోందని ఆ తర్వాత రెండు ఉత్తరాలు వచ్చాయి. నడుస్తోందేమో, నాకైతే కనిపించలేదు.

ఈ ఎండాకాలం మేడ్చల్ వైపు హైవే పక్కన మళ్లీ జాడీలు పేర్చారు. బండి ఆపాను. అమ్మేవాడు తడిగుడ్డ పట్టుకుని ఒక్కొక్క జాడీనీ బోర్లించి అడుగున ఉన్న స్టిక్కరు గీకి తీస్తున్నాడు. ఎందుకు తీస్తున్నావ్ అని అడిగితే, "కాగితం ఉంటె సెకండ్ మాల్ అనుకుంటరు మేడం" అన్నాడు. వాడు నా రెండు వాక్యాలనూ చదవలేదు, చదవడం రాదు. పక్కన ఒకామె ఎర్ర జాడీని వేళ్లతో కొట్టి చప్పుడు వింటోంది. ఆమెకు చెప్పాను. సీసం అన్నాను, తొక్కులోకి దిగుతుందన్నాను, మా ఇంట్లో జరిగింది అన్నాను. ఆమె నన్ను కింది నుంచి మీది దాకా చూసి ఎర్ర జాడీ కింద పెట్టింది. నీలం పూలది తీసుకుంది. అది కూడా వద్దన్నాను. "నీకు వద్దంటె నువ్వు కొనకు అక్కా, బేరం చెడగొడ్తవెందుకు" అని వాడు విసుక్కున్నాడు. ఆమె నీలం జాడీ ఆటోలో పెట్టుకుని పోయింది. నేను అక్కడే ఎండలో నిలబడి వాడితో కొట్లాడాను. వాడి మీద అరవడం కూడా తప్పే, వాడెవడు పాపం. కానీ అరవడానికి అందుబాటులో వాడొక్కడే ఉన్నాడు.

అమ్మ ఈ ఏడు తొక్కు పెట్టలేదు. జాడీదే తప్పని ఎన్నిసార్లు చెప్పినా, "నా చేతులతోని కలిపి వెట్టిన గదా బిడ్డా, ముద్ద జేసి నోట్లె వెట్టిన" అంటుంది. ఇరుగుపొరుగు వాళ్లు కాయలు కొడుతుంటే లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంటుంది. స్టిక్కరు రాసింది నేనని అమ్మకు కూడా చెప్పాను. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

జనవరిలో చెల్లెకు ఆడపిల్ల పుట్టింది. తొమ్మిది నెలలూ నిండాయి, బరువు బాగానే ఉంది. అందరితో పాటు వెళ్లి చూశాను. పిల్లను నా చేతికి ఇచ్చింది గానీ నాతో మాట్లాడలేదు. డాక్టరమ్మ రక్తం చూసి, తగ్గింది, పూర్తిగా పోలేదు అంది. పిల్లది కూడా చూశారు. ఉంది, తక్కువే అంది. తక్కువ అంటే ఎంత అని అందరికన్నా ముందు అడిగింది నేను. ఆమె చెప్పిన అంకె నాకు అర్థమైంది, అక్కడున్న మిగతా వాళ్లకు అర్థం కాలేదు. బాగానే ఉంది కదా అని వాళ్ల అత్తగారు అడిగితే నేను గోడ వైపు చూశాను.

పిల్లకు మూడో నెల వచ్చాక ఒక సాయంత్రం చెల్లె ఫోన్ చేసింది. అన్ని నెలల్లో అదే మొదటిసారి.

"అందరు పిల్ల మంచిగున్నది, ఏంగాదు, ఫికర్ చెయ్యకు అంటుండ్రు. నువ్వు జెప్పు. గిది మంచిగుందో లేదో ఎప్పటికి తెలుస్తది?"

"బడికి పోయి చదువుడు మొదలుపెట్టినంక కొంచెం తెలువొచ్చు" అన్నాను.

"అంటే ఐదారేండ్లు."

"ఆఁ."

అవతల ఫోన్ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. పిల్ల మూలుగు వినిపిస్తోంది.

"ఐతే ఐదారేండ్లు రోజు ఫోన్ జేస్త" అంది. "నిన్ను మాఫ్ జేసిన అనుకోకు. నేను ఒక్కదాన్నే భయపడుకుంట కూసోను. నువ్వు రోజు ఎత్తాలె."

అప్పటి నుంచి రోజూ చేస్తోంది. సాయంత్రం పిల్లకు స్నానం చేయించాక చేస్తుంది. నేను ఎలా ఉన్నానని అడగదు, కొత్త పని దొరికిందా అని అడగదు. పిల్ల ఏం చేసిందో చెప్తుంది, ఏం చేయలేదో చెప్తుంది. పక్కింటి పిల్ల ఇదే వయసులో ఏం చేసిందో కనుక్కుని వచ్చి అదీ చెప్తుంది. నేను ఎక్కడున్నా ఎత్తుతాను. నిన్న పిల్ల మొదటిసారి బోర్లా పడిందట. ఎడమవైపుకే పడుతోందట, కుడివైపుకు ఎంత తిప్పినా తిరగడం లేదట. ఎందుకట్ల అని అడిగింది. నాకు తెలియదని చెప్పాను.